వెనక వరస కోసం కొన్న లెన్స్

ఉదయం ఆరూ నలభైకి పాసింజరు పలాస స్టేషన్లో ఆగింది. పూండిలో ఎక్కిన మా అత్త, ఆమె కొడుకు, అంటే మా బావమరిది, దిగారు. పూండి పక్క స్టేషనే కాబట్టి వాళ్లు రావడంలో విశేషం లేదు. కొబ్బరికాయలో, జీడిపప్పో పట్టుకుని అప్పుడప్పుడూ వస్తూనే ఉండేవారు. ఆ రోజు మాత్రం అత్త చేతిలో తువ్వాలు చుట్టిన ఫోటో పటం ఉంది. దాన్ని కొడుక్కి ఇవ్వకుండా తనే పట్టుకుని మా ఇంటిదాకా నడిచి వచ్చింది.

తొంభైల చివరి సంవత్సరాల మాట ఇది. తుఫాను పోయి కొన్ని వారాలైంది. అత్తవాళ్ల ఊరు సముద్రం వైపు. ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. గోడకి ఉన్న పటం రెండు రోజులు వానలో నానింది. ఎండ వచ్చాక ఆరబెట్టారు. ఆరేసరికి లోపలి ఫోటో అద్దానికి అంటుకుపోయింది.

మా స్టూడియో కాశీబుగ్గ వెళ్లే రోడ్డు మీద ఉండేది. ముందు గది స్టూడియో, మధ్య గది కాపురం, కిటికీ మూసేసిన వెనక గది డార్క్‌రూమ్. నా భార్య నాతోపాటే పనిచేసేది. ఫోటోల మీద చుక్కలు, గీతలు దిద్దే పని ఆమెది. పెళ్లికి ముందు జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొట్టు తీసేది. పప్పు విరగకుండా పొట్టు తీయడం అలవాటైన చేయి కావడంతో దిద్దడం తొందరగా పట్టుబడింది. నాకంటే బాగా చేసేది. ఆమె ఇప్పుడు లేదు. నాకు ఆమె గురించి రాయాలని ఉంది, ఆ లెన్స్ సంగతి లేకుండా ఎలా రాయాలో తెలియడం లేదు.

పటంలో ఉన్నది గుంపు ఫోటో. ఆ ఊళ్లో మా క్రైస్తవ సంఘంవాళ్లు ప్రార్థనా మందిరం కట్టుకున్న రోజున తీసింది. ముందు నేల మీద పిల్లలు, తర్వాత కూర్చున్న ఆడవాళ్లు, ఆపైన బల్లల మీద నిలబడిన మగవాళ్లు. అందరికీ వెనక వరసలో, కుడివైపున, మా మామ ఉన్నాడు. ఆ ఫోటో తీసిన ఏడాదే జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి నా భార్య ఇంకా పుట్టలేదు. ఆమె అన్నకి మాటలు కూడా సరిగా రాని వయసు. మామకి అది తప్ప వేరే ఫోటో లేదు. ఆ రోజుల్లో కూలికి వెళ్లేవాళ్లు ఫోటో తీయించుకోవడానికి స్టూడియోకి వచ్చేవారు కాదు. తండ్రి ముఖం అంటే నా భార్యకి ఆ వెనక వరసలో ఉన్న, కందిపప్పు బద్దంత ముఖమే.

అత్త పటం బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పింది. ఫోటో అంచులు నల్లబడి, అక్కడక్కడ బూజు పట్టింది. కుడివైపు పైమూలలో ఇంకో రంగు మరక కనిపించింది. పసుప్పచ్చగా, తడిగా ఉంది.

"ఇదేటి?" అంది నా భార్య.

మా బావమరిది గొంతు సవరించుకున్నాడు. "కొబ్బరినూనె."

"ఫోటోకి కొబ్బరినూనె ఎందుకు రాసావు?"

"సేతులకి జీడి అంటుకుంటే కొబ్బరినూనె రాత్తాం కదా, ఊడొచ్చేత్తాది. ఇది కూడా అలగే అద్దం నుంచి ఊడొత్తాదనుకున్నాను."

"ఫోటో ఏటన్నా నీ సెయ్యనుకున్నావా?"

"నాన్నకి దూరంగానే రాసానే బాబూ! ఈ మూల రాసాను. సూడు, నాన్న ఈ మూల లేడు కదా."

"నూనెకి సెప్పావా, ఈ మూలే ఉండమని?"

అతను నా వైపు చూశాడు. "సూడు బావా, మీ ఆవిడ. తుఫానుకి పెంకులెగిరిపోతే ఇన్ని మాటలన్లేదు, సుక్క నూనెకి అంతన్నాది."

నవ్వు వచ్చినా నవ్వలేదు. మరక వైపే చూస్తున్నాను. కాగితంలోకి దిగిన నూనె ఆగదు, నెమ్మదిగా ముందుకి పాకుతుంది. దాని దారిలో ఉన్నది వెనక వరసే. అత్త మా మాటలేవీ పట్టించుకోలేదు. ఆమెకి కళ్లు అంతగా ఆనవు. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "అల్లుడా, ఆడి మొహం ఒక్కటి పెద్దది సేసి ఇచ్చెయ్యి. మరేటీ అడగను నిన్ను," అంది.

నా భార్య పటం బోర్లించి వెనక మేకులు పీకి అట్ట తీసేసింది. ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి మరక ఉన్న చోట ఫోటో వెనక దట్టంగా చల్లి, పైన దూది పెట్టింది. కాసేపటికి పౌడరు ముద్దయింది. అది తీసి మళ్లీ చల్లింది. మధ్యాహ్నానికి మరక పాకడం తగ్గింది కానీ ఆగిందని చెప్పలేం.

ఫోటోకి ఫోటో తీయడం అప్పట్లో మాకు రోజూ ఉండే పనే. రేషన్ కార్డు మీది ఫోటో, పెళ్లి ఫోటోలో మూలనున్న ముఖం, ఇలాంటివి తెచ్చి పెద్దవి చేయమనేవారు. దానికి నేను వాడేది మామూలు లెన్స్ మీద బిగించే దగ్గరి అద్దాలు. అవి భూతద్దాల్లాంటివి. అరచేయంత ఫోటోని తీయడానికి సరిపోతాయి. కందిపప్పు బద్దంత ముఖానికి సరిపోవు. అయినా అదే రోజు వాటితోనే తీశాను. నా భార్య వేలు పెట్టి చూపించింది. చివరి నుంచి రెండోవాడు. ఆ వేలు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. చిన్నప్పటి నుంచి చూసిన ముఖం కదా.

ప్రింటు వేస్తే ముఖం ఉందని తెలుస్తోంది, ఎవరిదో తెలియడం లేదు. అంచులన్నీ చెదిరిపోయాయి. ఆమె ప్రింటుని ట్రేలోంచి తీసి చూసి, మళ్లీ నీళ్లలో పెట్టేసింది. "ఇది దిద్దితే నా బొమ్మవుతాది గానీ, మా నాన్న అవడు," అంది.

దగ్గరి వస్తువుల కోసమే తయారుచేసిన మాక్రో లెన్స్ కావాలని నాకు తెలుసు. పత్రికల్లో చదివాను, చేత్తో పట్టుకోలేదు. టెక్కలిలో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన దగ్గర అలాంటిది ఉండేది. పూలలో కేసరాలు, ఆకుల మీద పురుగులు తీసి పిల్లలకి స్లయిడ్లు చూపించేవారు. ఫిల్ములు కడిగించడానికి మా దగ్గరికి వచ్చేవారు. మర్నాడు బస్సెక్కి టెక్కలి వెళ్లి సంగతి చెప్పాను. మారు మాట్లాడకుండా లెన్స్ తీసి చేతిలో పెట్టారు.

"ఇది యాభై అయిదు మిల్లీమీటర్లది. పువ్వుకి చాలు. నీ పనికి చాలుతుందో లేదో చూడు," అన్నారు. "పువ్వు మీద నీడ పడితే నేను పక్కకి తిప్పుకుంటాను. నువ్వు ఫోటోని తిప్పుకోలేవు కదా."

ఆ మాట అర్థం ఇంటికి వచ్చి స్టాండు మీద కెమెరా బిగించాక తెలిసింది. యాభై అయిదుతో అంత చిన్న ముఖం ఫిల్ము మీద వీలైనంత పెద్దగా రావాలంటే లెన్స్ దాదాపు అద్దాన్ని తాకేంత కిందికి దించాలి. అప్పుడు లెన్స్ నీడే ముఖం మీద పడుతుంది. లైటు ఎటు నుంచి వేసినా మధ్యలో కెమెరా అడ్డం. పైగా అది అద్దం కాబట్టి, దానిలో లెన్స్ చుట్టూ ఉన్న తెల్ల అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. నల్లగుడ్డ కప్పాను, అక్షరాల మీద నల్లకాగితం అంటించాను, లైట్లు వంచాను. ముఖం ముందుకంటే స్పష్టంగా వచ్చింది. సగం చీకట్లో వచ్చింది. లెన్స్ మంచిదే. దూరం చాల్లేదు.

ఇంతే పెద్ద బొమ్మని దూరం నుంచి తీసే మాక్రో లెన్స్ ఉంటుంది. నూరో, నూట అయిదో మిల్లీమీటర్లది. అది టెక్కలిలో లేదు, పలాసలో లేదు. కొనాలంటే విశాఖపట్నం వెళ్లాలి. ఆ ఏడు పెళ్లిళ్ల కోసం గొడుగు లైట్లు కొనాలని కొంత వెనకేసి ఉన్నాం. పెళ్లిళ్లే మాకు తిండి పెట్టేవి. లెన్స్ కొందామని అడగడానికి నోరు రాలేదు. ఆమె కూడా అడగలేదు. తండ్రి కోసమే అయినా, స్టూడియోకి పనికిరాని వస్తువు కొనమని చెప్పే మనిషి కాదు.

ఆ సంగతి తెలుసుకుని నేనే లెక్కంతా వేరే రకంగా చెప్పాను. ఆ లెన్స్ దగ్గరి వస్తువులకే కాదు, మనుషుల ముఖాలకి కూడా బాగుంటుందని, పెళ్లికూతుళ్ల ఫోటోలకి, పెళ్లిచూపుల ఫోటోలకి వాడుకోవచ్చని చెప్పాను. అది అబద్ధం కాదు. అయితే పత్రికలో చదివినదే చెప్పాను, నా కళ్లతో చూసింది కాదు.

ఆమె నన్ను కాసేపు చూసి, "అయితే నానూ వత్తాను. సూసే కొందాం," అంది.

విశాఖలో కెమెరాల కొట్టు మేడ మీద ఉండేది. కొట్టాయన రెండు లెన్సులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి యాభై అయిదు, కొత్తది. రెండోది నూట అయిదు, ఎవరో వాడి అమ్మేసింది. పైన రంగు కొంచెం గీరుకుపోయి ఉంది, అద్దాలు శుభ్రంగా ఉన్నాయి.

"మీరు స్టూడియో కదండీ, యాభై అయిదు తీసుకోండి," అన్నాడాయన. "తేలిక, వెలుతురు బాగా తీసుకుంటుంది, మామూలు లెన్స్ లాగానూ పనికొస్తుంది. నూట అయిదు బరువు, చెయ్యి ఊగితే బొమ్మ ఊగిపోతుంది."

ఆయన చెప్పింది నిజమే. అప్పట్లో తీసిన బొమ్మ వెంటనే చూసుకునే వీలు లేదు. కెమెరా కన్నంలోంచి చూసి నిర్ణయించుకోవడమే. రెండూ మార్చి మార్చి బిగించి కొట్టులో ఉన్న చిన్న క్యాలెండరు మీద అంకెలు చూశాను. యాభై అయిదుతో క్యాలెండరు మీద పడుకున్నంత పని. నూట అయిదుతో నిటారుగా నిలబడే చూడగలిగాను. నా వరకు తేలిపోయింది. అప్పుడు ఆమె చేయి చాపింది.

"నాకోసారి ఇయ్యి మావా. నువ్వా కుర్సీలో కూకో."

కూర్చున్నాను. యాభై అయిదు బిగించిన కెమెరా పట్టుకుని నా ముఖం నిండా వచ్చేదాకా దగ్గరికి వచ్చింది. ఆమె ఊపిరి తగిలింది. నేను కొంచెం వెనక్కి జరిగాను. తర్వాత నూట అయిదుతో చూసింది. ఈసారి అవతలి బల్ల దాకా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అక్కడి నుంచి చాలాసేపు చూసింది.

"దీంతో సూత్తే నీ ముక్కు ముందుకొచ్చేసింది," అంది యాభై అయిదు చూపించి. "పైగా నువ్వు బెదిరిపోయావు. దాంతో సూత్తే నీ పాటికి నువ్వున్నావు. నన్ను మర్సిపోయావు కూడా."

కొట్టాయన నవ్వాడు. "అమ్మగారు తేల్చేశారండీ."

"మా దగ్గరికొచ్చేవాళ్లంతా బెదిరిపోయేవాళ్లే బాబూ," అందామె. "ఫోటో అంటే డాట్టరు సూదిమందనుకుంతారు. కొంచెం దూరంగా ఉంటేనే మంచిది."

నూట అయిదు కొన్నాం. తిరుగు రైల్లో ఆమె దాన్ని సంచిలోంచి తీయలేదు, సంచి మాత్రం ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు పని మొదలుపెట్టాం. స్టాండుకి కెమెరా కట్టి, రెండు పక్కలా రెండు లైట్లు ఏటవాలుగా పెట్టాను. నల్లగుడ్డకి చిల్లు చేసి అందులోంచి లెన్స్ బయటికి పెట్టాను, అద్దంలో కెమెరా కనిపించకుండా. లెన్స్‌కి, పటానికి మధ్య ఇప్పుడు నా చేయి పట్టేంత ఖాళీ ఉంది. లైటు ఏ అడ్డమూ లేకుండా ముఖం మీద పడింది. కన్నంలోంచి చూస్తే మనిషి మీసం కనిపించింది. ఇంతకు ముందు ఎవరూ ఆ ఫోటోలో మీసం చూడలేదు.

డెవలపర్ మందులో ప్రింటు మీద బొమ్మ తేలింది. ఎర్రలైటు కింద ఆమె వంగి చూస్తోంది. నుదురు, కనుబొమలు, మీసం, కొంచెం తెరిచి ఉన్న నోరు. ఆరబెట్టాక దాన్ని తువ్వాల్లో చుట్టి, అన్నకి కబురు పంపి, అత్తని వెంటబెట్టుకుని రమ్మంది.

అత్త ప్రింటుని గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుంది. అంత పెద్దగా ఉంటే ఆమె కళ్లకి కూడా ఆనింది. చూసి, బల్ల మీద పెట్టింది.

"బాగా వచ్చింది," అంది. "ఈడెందుకే?"

"ఈడేటి? నాన్న."

"ఓలమ్మో, ఈడు మీ నాన్నేటే! ఈడు మందిరానికి తలుపులు సేసినోడు, వడ్రంగి. మీ నాన్న ఈడి పక్కన కదా, సివరాకర్న."

తర్వాత మాకు అర్థమైంది. పిల్లల చిన్నప్పుడు అత్త పటం మీద వేలు పెట్టి "ఇదిగో మీ నాన్న" అని చూపించేది. ఆమె వేలు ఒకటి కాదు, రెండు ముఖాల్ని కప్పేస్తుంది. వేలు తీశాక పిల్లలు చూసుకున్నది పక్క ముఖాన్ని. ఒకసారి చూసుకున్నాక మళ్లీ అడగాల్సిన పని లేకపోయింది. ఇద్దరూ పెద్దవాళ్లయిపోయారు.

చివరాఖరున ఉన్నవాడు కుడివైపు పైమూలలో ఉన్నాడు. నూనె రాసిన మూల అదే.

మా బావమరిది గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "నాన్నకి దూరమనే రాసాన్రా బాబూ," అన్నాడు. ఈసారి ఎవరితోనూ అనలేదు.

ఇలాంటి చోట మనుషులు ఏం చేస్తారో పుస్తకాల్లో చాలా చదివాను. నా భార్య అవేవీ చేయకుండా వడ్రంగి ఫోటోని తీసుకుని మళ్లీ ఒకసారి చూసింది. "పోన్లే," అంది, "మంచోడిలాగే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఈయన్నే నాన్ననుకున్నాను, ఈయనకేటి నట్టం?" తర్వాత పటాన్ని దగ్గరికి లాక్కుని, మూల మీద వేలు పెట్టకుండా అగ్గిపుల్ల కొనతో చూపించింది. "ఈడేనా అమ్మా?"

అత్త వంగి, కళ్లు చిట్లించి, "ఆఁ," అంది. పసుప్పచ్చ మరకలో ఒక తల, ఒక భుజం ఉన్నట్టు తెలుస్తోంది. అంతకంటే తెలియడం లేదు.

"వత్తాడా మావా?" అని నన్ను అడిగింది.

వస్తాడో రాడో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

నూనె దిగిన కాగితం రెండు పనులు చేస్తుంది. పసుపు రంగుకి మారుతుంది, వెనకున్నది కనిపించేంత పలచబడుతుంది. రెండోదానికి మందు తేలిక. ఫోటో వెనక తెల్లటి అట్ట పెడితే చాలు. మొదటిదానికి నేను మబ్బులు తీసేటప్పుడు వాడే పసుపు ఫిల్టరు గుర్తొచ్చింది. నలుపు తెలుపు ఫిల్ము మీద పసుపు అద్దంలోంచి తీస్తే పసుపు మరక తెల్లకాగితంలో కలిసిపోవాలి. చదివిన సంగతే. అది బిగించి కన్నంలోంచి చూశాను. మరక చాలావరకు కనబడకుండా పోయింది. మనిషి మిగిలాడు.

ఆ చిన్న ముఖాన్ని వెలుతురు మార్చి మార్చి చాలాసార్లు తీశాను. ఫిల్టరు అడ్డం ఉన్నందున ఎక్కువసేపు కెమెరా తెరిచి ఉంచాలి. ఆ సేపంతా మా నలుగురిలో ఎవరూ అడుగు కదపలేదు, నేల అదిరితే బొమ్మ ఊగుతుందని. బయట లారీ వెళ్తే మళ్లీ తీశాను.

ఒక ప్రింటు బాగా వచ్చింది. బాగా అంటే, ముఖంలో ఒక వైపు నిలిచింది. రెండో వైపు చెవి, నుదుటి పైభాగం పోయాయి. అక్కడ బూడిదరంగు మచ్చ ఉంది. కళ్లు ఉన్నాయి. ముక్కు, పెదవులు ఉన్నాయి. మీసం లేదు. మా బావమరిది ముఖం పక్కన పెడితే గడ్డం ఒకటే. అది అందరం ఒకేసారి చూశాం. అతను గడ్డం తడుముకున్నాడు.

పోయినదాన్ని దిద్దాలి. మా పనిలో అప్పటి పద్ధతి ఏమిటంటే, చనిపోయినవాళ్ల ముఖం దిద్దేటప్పుడు ఇంట్లో మనిషి ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. దిద్దేవాళ్లు అడుగుతూ ఉంటారు, వాళ్లు గుర్తులు చెబుతూ ఉంటారు. నా భార్య ఎంతోమంది ఇళ్లవాళ్లని అలా పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు తల్లిని కూర్చోబెట్టుకుంది. పెన్సిలు, సన్నని కుంచె, సిరాసీసా ముందు పెట్టుకుంది.

"సెవి ఎలగుండేది?"

"నానెరగను."

"గుర్తు సేసుకో."

"మొగుడి సెవులు ఎవులు సూత్తారే! నువ్వు సూసావా మీ ఆయనవి?"

ఆమె తల తిప్పి నన్ను చూసింది. అత్త, బావమరిది కూడా చూశారు. ఆ రోజు అందరూ నవ్వింది అప్పుడే. చెవి ఉన్న చోటు నీడలాగే వదిలేసింది.

"పాపిడి ఎటు తీసేవాడు?"

అత్త ఈసారి తెలియదనలేదు. కుడిచేయి లేపి, ఎదురుగా ఎవరో కింద కూర్చుని ఉన్నట్టు, గాలిలో తల నిమిరినట్టు వెనక్కి దువ్వింది. ఇంకోసారి దువ్వింది. "ఆదివారం మందిరానికి ఎల్లే ముందు నానే తల దువ్వేదాన్ని," అంది. "ఇటు. ఎడమపక్క."

ఆ చేయి ఎటు కదిలిందో చూస్తూ నా భార్య జుట్టు గీసింది. కొంచెం గీసి ఆగి తల్లికి చూపించేది. "కొంచెం కిందికి," "అంత వత్తు కాదు," అని అత్త చెబుతోంది. నుదుటి మీద గాయం మచ్చ ఒకటి ఉండేదంది. కాసేపయ్యాక అది తన తమ్ముడికేమో అంది. "నీకు తెలీనిది నాను పెట్టను," అని నా భార్య మచ్చ గీయలేదు. తెలిసినంత గీసి కుంచె కడిగేసింది. ఆమె చేసిన పనిలో నాకు బాగా నచ్చింది అదే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు చనిపోయినవాళ్లకి కోటు గీయమనేవారు, గొలుసు వేయమనేవారు. ఆమె అడిగినవాళ్లకి గీసేది. తన తండ్రికి మాత్రం లేనిదేదీ పెట్టలేదు.

పూర్తయ్యాక అత్త చేతికిచ్చింది. అత్త చాలాసేపు చూసింది.

"పిల్లడు," అంది చివరికి. "మరీ పిల్లడు."

నిజమే. మామ పోయేసరికి పాతికేళ్ల మనిషి. మేం దిద్దే నాటికి అత్త జుట్టు నెరిసిపోయింది.

"నీ ఫోటో కూడా తీసి పక్కన పెడదాం అత్తా," అన్నాను.

"వద్దొద్దు. పక్కన నన్నెడితే ఆడికి అమ్మలాగుంతాను. సూసినోళ్లు నవ్వుతారు."

"నవ్వనీ," అంది నా భార్య. "ఆడు ముసిలోడవలేదు, నువ్వయ్యావు. నీ తప్పేటున్నాది?"

అత్త వద్దంటూనే గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని కొడుకుతో పెంకుల సంగతి మాట్లాడుతోంది. నేను గది అవతలి గోడకి ఆనుకుని కొత్త లెన్స్‌తో చూశాను. అంత దూరంలో ఉన్న నన్ను ఆమె మర్చిపోయింది. బయటి వెలుతురు ముఖం మీద ఒక పక్కగా పడుతోంది. ముడతలన్నీ కనిపించాయి. మాట మధ్యలో ఆగి రోడ్డు వైపు చూసింది. అప్పుడు తీశాను. నేను తీసిన ముఖాల్లో నాకు సరిగా అనిపించిన మొదటిది అది.

రెండూ ఒకే పటంలో కట్టించి ఇచ్చాం. వాళ్ల ఊళ్లో ఎవరూ నవ్వలేదని తర్వాత బావమరిది చెప్పాడు. వడ్రంగి ఫోటో కూడా పారేయలేదు. ఆయన మనవలు మందసలో ఉన్నారని తెలుసుకుని, నా భార్య బస్సులో వెళ్లి ఇచ్చి వచ్చింది. వాళ్ల దగ్గరా ఆయన ఫోటో లేదట.

ఆ లెన్స్ పదేళ్లకి పైగా మాకు పనిచేసింది. గొడుగు లైట్లు తర్వాతి ఏడు కొన్నాం. నేను భయపడినట్టు పెళ్లిళ్లు పోలేదు. జీడి, కొబ్బరి తోటల ఉద్దానం ప్రాంతపు ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలు, జీడి నల్లదనం చేతులకి అంటి వాటిని కొంగు కింద దాచుకునే ఆడవాళ్లు, నేను గదికి అటు చివర ఉంటే భుజాలు వదులు చేసేవారు. చేతులు వాటంతట అవే బయటికి వచ్చేవి. కొట్టాయన చెప్పినట్టు లెన్స్ బరువే. స్టాండు వాడితే సరిపోయేది. ఇప్పుడు ఎవరైనా ఏ మాక్రో లెన్స్ కొనాలని అడిగితే, దగ్గరగా ఎంత బాగా చూపిస్తుందో కాదు, ఎంత దూరంలో నిలబడనిస్తుందో చూడమని చెబుతాను. అది నేను కనిపెట్టింది కాదు. ఆమె ఆ కొట్టులో రెండు అడుగులు వెనక్కి వేసి కనిపెట్టింది.

ఆమెకి కిడ్నీ జబ్బు వచ్చింది. ఉద్దానంలో ఊరూరా ఉన్న జబ్బే అది, అక్కడ పుట్టినవాళ్ల ఇళ్లలో ఆ మాటకి వివరణ అక్కర్లేదు. అప్పటికి ఫిల్ము పోయి కంప్యూటర్లు వచ్చాయి. మా డార్క్‌రూమ్‌లో బియ్యం బస్తాలు పెట్టుకుంటున్నాం. అంతకు ముందు, ఫిల్ము రోజుల్లో, ఆమెని ఆ లెన్స్‌తో చాలా ఫోటోలు తీశాను. కొన్నిట్లో దిద్దుతోంది, కొన్నిట్లో కూర తరుగుతోంది, ఒకదాంట్లో నన్ను తిడుతోంది. అన్నిట్లోనూ తన పాటికి తను ఉంది.

ఆమె పోయాక మందిరంలో జరిపే జ్ఞాపక కూడికకి పెద్ద ఫోటో కావాలన్నారు. తిడుతున్నది కాకుండా, దిద్దుతూ తలెత్తిన ఫోటో నెగెటివ్ తీసుకుని లాబ్‌కి వెళ్లాను. వాళ్లు నెగెటివ్‌ని కంప్యూటర్లోకి ఎక్కించారు. అక్కడున్న కుర్రాడు కళ్ల కింద నలుపు తీసేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. నేను టీ తాగి వచ్చేసరికి ప్రింటు చేతికిచ్చాడు. చెవులు రెండూ ఉన్నాయి, పాపిడి ఉంది, పెదవి మీద చిన్నప్పటి కాలిన మచ్చ ఉంది. చెప్పడానికి నా దగ్గర ఏ గుర్తూ మిగల్లేదు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె తండ్రికి దక్కనిది ఆమెకి దక్కింది. అందుకు నాకు కృతజ్ఞత ఉంది. దాన్ని ఎవరికి చెప్పాలో తెలిసీ తెలియనట్టుంది కానీ, ఉంది.

ప్రింటుని చేత్తో పట్టుకుని ఆ కుర్రాడి పక్కన ఖాళీ కుర్చీ ఉందేమోనని చూశాను. లేదు. చనిపోయినవాళ్ల ముఖం తయారయ్యేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని గుర్తులు చెప్పడం ఇప్పుడు లేదు.